అన్నం మానేశావని తెలిసింది

తెనాలి

చిరంజీవి చిన్నాకి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వు, స్వాతి, బుజ్జిది క్షేమమని తలుస్తాను. తలవడమే తప్ప నువ్వు చెప్పింది లేదు.

ఆవకాయ పెట్టడం అయిపోయింది. ఈసారి కాయ ఆలస్యంగా దిగింది, ధర కూడా మండింది. మీ నాన్న తెల్లారకముందే మార్కెట్‌కి వెళ్లి, టెంక గట్టిపడిన కాయ ఏరి, అక్కడే కొట్టించుకొచ్చారు. ముక్కలకున్న జీడి తీసి, పొర గీకి, పొడిగుడ్డతో తుడిచేసరికి నడుం పడిపోయింది. వెల్లుల్లి వేసినది పెద్ద జాడీకి, వెయ్యనిది చిన్న జాడీకి ఎత్తాను. కలిపిన బేసిన్‌లో వేడన్నం వేసి ముద్దలు చేస్తే పక్కింటి వరలక్ష్మి పిల్లలు తిని వెళ్లారు. నీకు డబ్బా కట్టాలా వద్దా అని ఆగాను. కడితే దేంతో తింటావు? కాలీఫ్లవర్ తురుముతోనా?

అంటే, అన్నం మానేశావని తెలిసింది.

నువ్వు చెప్పలేదు. ఫోన్ చేస్తే మీటింగ్ అంటావు. వాట్సాప్‌లో పెడితే నీలం టిక్కులు పడతాయి, జవాబు పడదు. స్వాతిని అడిగితే "ఆయన్నే అడగండి అత్తయ్యా" అంది, ఆ గొంతులోనే సగం తెలిసింది. మిగతా సగం పద్మ పిన్ని చెప్పింది. లలిత వాళ్ల గృహప్రవేశం నుంచి వెళ్లగానే ఫోన్ చేసి ముందు చీరల సంగతి, తర్వాత వంటవాళ్ల సంగతి చెప్పి, ఆఖర్న "అక్కా, చిన్నాకి ఒంట్లో బాగానే ఉందా?" అంది. విస్తట్లో పులిహోర పక్కకి నెట్టేశావట. బూరె ముట్టుకోలేదట. పప్పులో నెయ్యి నాలుగుసార్లు వేయించుకుని, స్పూన్ అడిగి ఉత్త పప్పు తిన్నావట. చొక్కా కాలర్‌లో మెడ ఊగులాడుతోందట. పిన్ని మాటల్లో సగం తగ్గించుకోవాలని నాకు తెలుసు. ఆ మిగిలిన సగానికే నాకు నిద్ర పట్టలేదు.

సరే, అది తర్వాత. బావి దగ్గర మోటారు మళ్లీ కాలిపోయింది. వైండింగ్ చేయించడం దండగ, కొత్తది కొందామంటే మీ నాన్న వినరు. ఆయన మోకాలు ఫరవాలేదు, పొద్దున్నే చెరువు కట్ట దాకా నడుస్తున్నారు, వచ్చేటప్పుడు హోటల్లో ఇడ్లీ తిని వచ్చి నా దగ్గర మళ్లీ టిఫిన్ తింటున్నారు. నాకు తెలియదనుకుంటున్నారు. పెరట్లో కొబ్బరిచెట్టు ఈ ఏడు బాగా కాసింది. కాయలన్నీ ఆడించేద్దామని ఆయన, వద్దని నేను. కొబ్బరినూనె అంటే గుర్తొచ్చింది, పొద్దున్నే కాఫీలో కొబ్బరినూనె, వెన్న వేసుకుని మిక్సీ పట్టి తాగుతున్నావటగా. ఆఫీసులో కూడా ఫ్లాస్కుతో అదేనట.

నీ రిపోర్టు కూడా చూశాను. సాయి మీద కోప్పడకు. "చూడరా నా ట్రైగ్లిజరైడ్లు" అని నువ్వే గొప్పగా వాడికి పంపావు, వాడు వాళ్లమ్మకి చూపించాడు, వాళ్లమ్మ నాకు పంపింది. టోటల్ కొలెస్ట్రాల్ 302, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 62, రక్తంలో తిరిగే కొవ్వు ట్రైగ్లిజరైడ్లు 80, చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 224. నువ్వు హెచ్‌డీఎల్‌కీ ట్రైగ్లిజరైడ్లకీ ఎర్రగా గుండ్రం చుట్టావు. 224 దగ్గర ఏ గుర్తూ లేదు. ముప్పై ఏళ్లకి పైగా ల్యాబ్‌లో కూర్చున్న దాన్ని, నా కన్ను ముందు అక్కడికే వెళుతుంది కదరా. కాగితం తీసుకుని నేను కూడా వేసి చూశాను. ట్రైగ్లిజరైడ్లని ఐదుతో భాగిస్తే 16. 302 లోంచి 62, 16 తీసేస్తే 224. లెక్క సరిగ్గానే ఉంది. తప్పయితే బాగుండునని రెండోసారి కూడా వేశాను.

పోయినేడు మీ కంపెనీ చెకప్‌లో ఇదే ఎల్‌డీఎల్ 128. అప్పుడు నువ్వే దిగాలుగా ఫోన్ చేశావు, ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అన్నారు, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.9 అన్నారు అని. సన్నటి కాళ్లూ చేతులూ, ముందుకొచ్చిన పొట్ట. మన వాళ్లందరి వాటమూ అదే. అన్నం తగ్గించు నాన్నా అని ఆ రోజు చెప్పింది నేనే. కాబట్టి అన్నం మానేశావని ఏడ్చే పాతకాలపు అమ్మని చెయ్యకు నన్ను. పదకొండు కిలోలు తగ్గావు, షుగర్ తగ్గింది, సంతోషమే. నెయ్యిని, వెన్నని, కొబ్బరినూనెని అన్నం స్థానంలో కూర్చోబెట్టమని మాత్రం నేను చెప్పలేదు.

అన్నం మన ఇంటి దేవుడేమీ కాదు. మీ నాన్నమ్మ వాళ్లు పల్నాడులో జొన్నన్నమే తినేవారు. వరి అన్నం పండక్కీ, అల్లుడొచ్చినప్పుడూ. 1983లో ఎన్టీ రామారావు కిలో 2 రూపాయల బియ్యం పెట్టాక మూడు పూటలా తెల్లన్నం అందరికీ అలవాటైంది. ఆకలి తీరింది, అది చిన్న విషయం కాదు. ఆ తర్వాత మన బాపట్లలో పుట్టిన సాంబ మసూరి ఇంటింటికీ వచ్చింది, మల్లెపువ్వులా ఉంటే గానీ అన్నం కాదనే రోజులొచ్చాయి. మీ తాతయ్య సోలెడు బియ్యం అన్నం తిని పొద్దంతా చేలో ఉండేవాడు. అంతే అన్నం మనం తిని కుర్చీలో ఉంటున్నాం. మీ హైదరాబాదులోనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు 45 శాతం దాటొద్దన్నారు. మన విస్తరి సంగతి చూస్తే అది చాలా దూరం. నేనూ తగ్గించాను. ఇప్పుడు మా ఇద్దరికీ కలిపి ఒక గ్లాసు బియ్యం చాలు, కూర రెట్టింపు. స్వాతి కొర్రలు కొందట, మంచిదే, పీచు ఉంటుంది. కానీ చిరుధాన్యాలంటే కార్బోహైడ్రేట్లు లేనివని అనుకోకండి. వంద గ్రాముల బియ్యంలో 78 గ్రాముల దాకా ఉంటే కొర్రల్లోనూ 60 పైనే ఉంటాయి. కొర్రన్నం కూడా కొలుచుకునే తినాలి.

నీకు భాస్కరం మామయ్య కథ పూర్తిగా తెలీదు. ఆ ఏడు నువ్వు పుణెలో ఉన్నావు. 2018, మన వైపు ప్రతి ఇంట్లో కొబ్బరినూనె డబ్బాలు కనిపించిన రోజులు. అన్నం మానేసి చేసే డైట్ అది, రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు. కిరాణా కొట్టు వెంకటేశ్వర్లు బియ్యం బస్తాలు వెనక్కి జరిపి ముందు వరసలో కొబ్బరినూనె పెట్టుకున్నాడు. నీ నిమ్మకాయల మామయ్య అని మీ అక్క ఇప్పటికీ ఆటపట్టిస్తుందే, అది అప్పటి పేరు.

మొదలుపెట్టే ముందు నా దగ్గరికి వచ్చాడు. ఆదివారం పొద్దున పరగడుపున రక్తం తీసుకుని ల్యాబ్‌కి వెళ్లి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాను. పైకి తేలిన సీరం చిక్కటి పాలలా తెల్లగా ఉంది. మేం అలాంటప్పుడు ట్యూబ్ వెనక అచ్చు కాగితం పెట్టి చూస్తాం, అక్షరాలు కనిపిస్తున్నాయా లేదా అని. ఆ రోజు పేపర్ పెట్టాను, హెడ్డింగ్ కూడా కనపడలేదు. ట్రైగ్లిజరైడ్లు 520. 400 దాటితే నేను పైన వేసిన లెక్క పనికిరాదు, అందుకని ఎల్‌డీఎల్ నేరుగా కొలిచే పద్ధతిలో చేయించాను. 122 వచ్చింది. హెచ్‌బీఏ1సీ 8.4. ట్యూబ్ చేతిలో పట్టుకుని "ఇది నా రక్తమేనా చెల్లాయ్?" అని కుర్చీలో కూలబడ్డాడు.

ఆ భయంతో మొదలుపెట్టాడు, పెట్టాక ఇక మనిషిని పట్టలేం. ఎరువుల కొట్టు గల్లాపెట్టె పక్కన స్టీలు బాటిల్, నూనె కొలిచే చిన్న గ్లాసు. యూరియా బస్తా కోసం వచ్చిన రైతుకి ముందు ఇన్సులిన్ మీద క్లాసు, తర్వాతే బస్తా. మొదటి వారంలో నాలుగు కిలోలు తగ్గానని వీధంతా చెప్పాడు. అందులో ఎక్కువ భాగం నీళ్లేనని చెబితే నన్ను శత్రువుని చూసినట్టు చూశాడు. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ కరిగితే దానికి మూడింతల నీళ్లు కూడా పోతాయి, అందుకే మొదటి వారం అంత సంబరం. ఆ తర్వాత తగ్గింది మాత్రం నిజమైన బరువే. ఒప్పుకోవాలి. పొట్ట పోయింది, గురక పోయింది, మీ అత్త హాయిగా నిద్రపోయింది.

చిట్టి నిశ్చితార్థం గుర్తుందా, నువ్వు రాలేకపోయావు. తాంబూలాలు మార్చుకునే వేళకి మామయ్య చెమటలు కక్కుతూ, చేతులు వణుకుతూ, వియ్యంకుడి పేరు మర్చిపోయి "మీరెవరు?" అన్నాడు. మగపెళ్లివాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. పడిపోయేవాడే, మీ నాన్న పట్టుకున్నారు. నా బ్యాగులో గ్లూకోమీటర్ ఉంది కాబట్టి సరిపోయింది. 48. డైట్ అంటే డైటే చేస్తున్నాడు గానీ, షుగర్ మాత్రలు మాత్రం పాతవి పాత లెక్కనే వేసుకుంటున్నాడు. గ్లిమిపిరైడ్ వేసుకుని పిండిపదార్థం మానేస్తే షుగర్ ఏమవుతుంది? పంతులుగారు పానకం బిందె వైపు పరిగెత్తారు, వంటవాళ్లు పంచదార డబ్బా తెచ్చారు. నలుగురూ కలిసి తాగించారు. పావుగంటకి తేరుకుని మొదట అన్న మాట, "పానకంలో ఎంత బెల్లం వేశారు?" అని. కార్బ్స్ లెక్కేసుకుంటున్నాడు, ఆ మహానుభావుడు.

ఆ తర్వాత డాక్టర్ మాత్రలు తగ్గించారు. నాలుగు నెలలయ్యాక మళ్లీ రక్తం తీశాను. తిప్పి చూస్తే సీరం తేటగా, లేత పసుపు రంగులో, నీళ్లలా ఉంది. ట్యూబ్ వెనక పేపర్ పెడితే మామయ్య కళ్లజోడు కూడా లేకుండా జిల్లా వార్తలు గట్టిగా చదివాడు. ల్యాబ్‌లో కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. హెచ్‌బీఏ1సీ 6.2. ట్రైగ్లిజరైడ్లు 140. హెచ్‌డీఎల్ 54. టోటల్ 290. ఎల్‌డీఎల్ 208.

తేటగా కనిపించే సీరంలో 208 ఎలా ఉంటుందని వాదించాడు. అక్కడే ఉంది చిన్నా అసలు సంగతి. సీరాన్ని పాలలా చేసేవి ట్రైగ్లిజరైడ్లు మోసే పెద్ద కణాలు. ఎల్‌డీఎల్ కణాలు చాలా చిన్నవి, ఎంత పెరిగినా ట్యూబ్ మసకబారదు. కంటికి ఆనదు, ఒంటికి తెలీదు, నొప్పి ఉండదు, నీరసం ఉండదు. పైగా బరువు తగ్గి హుషారుగా ఉంటాడు మనిషి. హుషారుగా ఉన్నవాడికి నీకు బాలేదు అని ఎవరు చెప్పగలరు? ఏడాది పాటు వినలేదు. చివరికి మీ అత్త రెండు రోజులు మాట మానేస్తే గుంటూరులో గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. ఆయన డైట్ మొత్తం మానమనలేదు. అన్నం ఇలాగే తక్కువ తిను, కొబ్బరినూనె ఆపి మునపటిలా వేరుశనగ నూనె కొద్దిగా వాడు, మీగడ మానెయ్యి, పప్పులు, కూరలు పెంచు, రాత్రికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర ఒకటి వేసుకో అన్నారు. ఇప్పుడు ఎల్‌డీఎల్ 84. నిమ్మకాయల వల్లే తగ్గిందని అందరికీ చెబుతున్నాడు. చెప్పుకోనీ.

ఉపన్యాసం ఇవ్వకూడదనుకునే కలం పట్టాను. కానీ "ఎల్‌డీఎల్ అనేది మందుల కంపెనీల కుట్ర" అని సాయికి రాశావట. ఆ ఒక్క మాటకి జవాబు చెప్పి ఆపేస్తాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, 1985లో, బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అని ఇద్దరు అమెరికా డాక్టర్లకి నోబెల్ వచ్చింది. చిన్నపిల్లలకి గుండెపోటు ఎందుకొస్తోందని వెతుకుతూ వెళ్లి, మన కణాల మీద ఎల్‌డీఎల్‌ని పట్టి లోపలికి లాగే రిసెప్టర్లు ఉంటాయని కనిపెట్టారు. ఆ పిల్లలకి పుట్టుకతోనే ఆ రిసెప్టర్లు లేవు, లేదా పనిచెయ్యవు. సిగరెట్ లేదు, షుగర్ లేదు, పొట్ట లేదు, టెన్షన్ లేదు. ఎల్‌డీఎల్ ఒక్కటే ఎక్కువ. దానికే పసి వయసులో రక్తనాళాలు పూడుకుపోయాయి. ఇందులో కుట్ర ఎక్కడుంది? మనం తినే సాచురేటెడ్ కొవ్వు ఎక్కువైతే లివర్ ఆ రిసెప్టర్లని తగ్గించుకుంటుంది. మునిసిపాలిటీ వాళ్లు చెత్త రిక్షాలు సగానికి తగ్గిస్తే వీధిలో ఏమవుతుందో రక్తంలోనూ అదే అవుతుంది. కొబ్బరినూనెలో 90 శాతం దాకా ఆ కొవ్వే. నేతిలో 60 పైన. వేరుశనగ నూనెలో ఐదో వంతు. నువ్వు ఆ మొదటి రెండూ కాఫీ కప్పులో పెట్టుకున్నావు.

అందరికీ ఇలా పెరగదు, అదీ నిజమే. బాగా లావున్నవాళ్లు కార్బ్స్ తగ్గిస్తే ఎల్‌డీఎల్ పెద్దగా కదలదు. నీలా సన్నబడి, పొద్దున్నే పరుగులు పెట్టేవాళ్లలో ఎక్కువగా ఎగబాకుతుంది. "నేను ఫిట్‌గా ఉన్నాను" అనడం ఇక్కడ జవాబు కాదు.

సాయికి నువ్వు పంపిన 2017 నాటి లాన్సెట్ అనే వైద్య పత్రిక వ్యాసం కూడా చదివించుకున్నాను. 18 దేశాలు, లక్షా 35 వేల మంది, కార్బోహైడ్రేట్లు బాగా ఎక్కువ తిన్నవాళ్లలో మరణాలు ఎక్కువ. బాగుంది. అందులో మనలాంటి దేశాల్లో తెల్లన్నం, చక్కెర తప్ప ఇంకేం దొరకని పేదవాళ్లు కూడా ఉన్నారని గమనించావా? మరుసటి ఏడు, 2018లో, అమెరికాలో 15 వేల పైచిలుకు మందిని పాతికేళ్ల పాటు చూసిన లెక్క వచ్చింది. కార్బోహైడ్రేట్లు మరీ ఎక్కువ తిన్నవాళ్లకీ ప్రమాదమే, మరీ తక్కువ తిన్నవాళ్లకీ ప్రమాదమే. కేలరీల్లో సగం, సగానికి కొంచెం పైన వాటి నుంచి తీసుకున్నవాళ్లు బాగున్నారు. తగ్గించినవాళ్లలో కూడా ఆ ఖాళీలో మాంసం, వెన్న పెట్టినవాళ్లకి ఒక దారి, పప్పులు, గింజలు, కూరగాయలు పెట్టినవాళ్లకి ఇంకో దారి. ఏం తిన్నారో వాళ్లనే అడిగి రాసుకున్న లెక్కలు ఇవి, రెంటికీ లోపాలున్నాయి. నచ్చినదాన్ని ఫార్వర్డ్ చేసి నచ్చనిదాన్ని కుట్ర అంటే కుదరదు.

స్టాటిన్ పేరెత్తితే మండిపడతావని కూడా తెలిసింది. జపాన్‌లో అకిరా ఎండో అనే ఆయన బూజుల్లో వెతికి 1970ల్లో మొదటిదాన్ని పట్టుకున్నాడు. పెన్సిలిన్ కూడా బూజులోంచి వచ్చిందే, చిన్నప్పుడు న్యుమోనియాకి అలాంటివే పొడిపించుకుని బతికావు. అయినా మాత్ర వేసుకోమని నేను అనడం లేదు. అది డాక్టర్ చెప్పాలి. ఎల్‌డీఎల్ 190 దాటితే వాళ్లు మిగతా లెక్కలేవీ చూడకుండా దాన్నే ఒక జబ్బుగా పట్టించుకుంటారు. నీది 224.

పెదనాన్న 47కే పోయారు. సన్నగా, కర్రలా ఉండేవారు, షుగర్ లేదు, బీడీ కూడా ముట్టుకోలేదు. ఆయన రక్తం నేను ఎప్పుడూ తియ్యలేదు, ఆ రోజుల్లో మనిషి సన్నగా ఉంటే ఎవరూ అడిగేవారు కాదు. రఘు బాబాయికి 52కి స్టెంట్లు. ఇదంతా మీ నాన్న వైపు రక్తం, నీ వైపు రక్తం. మన దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు సగటున 53కే వస్తోందని, మిగతా ప్రపంచానికి 59కి దగ్గరగా అని ఒక పెద్ద అధ్యయనంలో తేలింది. నీకు 38 నడుస్తోంది. ఈ పేరా మీ నాన్నకి చదివి వినిపించలేదు.

ఇప్పుడు ఏం చెయ్యాలో చెబుతాను, రాసుకో. కాఫీలో వెన్న, కొబ్బరినూనె రేపటి నుంచే ఆపు. మామూలు కాఫీ తాగు, చక్కెర లేకుండా తాగడం నేర్చుకున్నావు కదా, అది మంచి అలవాటు. అన్నం నువ్వు ఎంత తక్కువ తిన్నా నాకు అభ్యంతరం లేదు, ఆ ఖాళీలోకి పప్పు రావాలి. పొద్దున పొట్టు పెసలతో పెసరట్టు, చుక్క నూనెతో, ఉప్మా లేకుండా. ఉలవచారు, బొబ్బర్లు, శనగలు. తోటకూర, గోంగూర, బీరకాయ గిన్నెల్లెక్కన తిను. చేప దొరికితే చేప, కూరగా, వేపుడు కాదు. గుడ్లు మానక్కర్లేదు, రోజుకి ఆరు మాత్రం తినకు. పనీర్ పెట్టెలు పెట్టెలు కొనడం ఆపండి. గుప్పెడు వేరుశనగలు, నాలుగు బాదం. నెయ్యి పప్పులోకి ఒక్క చెంచా, అది కూడా ఆదివారం.

ఇలా ఆరు నుంచి ఎనిమిది వారాలు తిని మళ్లీ పరీక్ష చేయించు. బరువు ఇంకా దిగుతూ ఉంటే ఆగు, నిలకడ అయ్యాకే ఇవ్వు. ఒళ్లు కరుగుతున్నప్పుడు కొలెస్ట్రాల్ అంకెలు పైకీ కిందికీ ఊగుతాయి. అందుకే 224 చూసి నేను వెంటనే బస్సెక్కలేదు. లిపిడ్ ప్రొఫైల్‌తో పాటు థైరాయిడ్ కూడా రాయించు, అది మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది, మన పిన్నికి ఉంది. లైపోప్రోటీన్ ఏ అని ఇంకొకటి ఉంది, పుట్టుకతో వచ్చేది, తిండితో పెద్దగా మారదు, జీవితంలో ఒకసారి చూసుకుంటే చాలు. పెదనాన్న సంగతి తెలిసిన కుటుంబంలో అది చూడకపోవడం తప్పు. ఆ కాగితాలన్నీ పట్టుకుని గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లు. యూట్యూబ్‌లో తెల్లకోటు వేసుకున్న ఆయన దగ్గరికి కాదు. ఆకు కూర రేటు కూడా తెలియని ఊళ్లో కూర్చుని ఆయన మన పప్పుని తిడుతున్నాడు, రెండు వీడియోలు చూశాను, బీపీ పెరిగి ఆపేశాను.

ఇంకో ముఖ్యమైన సంగతి, మర్చిపోయేదాన్ని. నిన్ను చూసి రఘు బాబాయి కూడా అన్నం మానేస్తానని ఊగుతున్నాడు. ఆయన షుగర్‌కి డపాగ్లిఫ్లోజిన్ అనే మందు వేసుకుంటున్నాడు. ఆ మందు వేసుకుంటూ పిండిపదార్థం పూర్తిగా మానేస్తే రక్తంలో ఆమ్లాలు పెరిగిపోయి మనిషి ప్రమాదంలో పడొచ్చు, షుగర్ మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్లకి తెలియను కూడా తెలీదు. నువ్వే ఫోన్ చేసి డాక్టర్‌ని అడక్కుండా ఏమీ మార్చొద్దని చెప్పు. నా మాట వినడు, వదిన అంటే చాదస్తం. నీ మాట వేదం. అలాంటి మాటని గ్రూపులో పెట్టే ముందు కాస్త చూసుకో.

స్వాతి మీద విసుక్కోకు. ఒక ఇంట్లో మూడు వంటలు చెయ్యాలంటే ఎవరికైనా కష్టమే. బుజ్జిదానికి మాత్రం నీ డైట్ అంటగట్టొద్దు, ఎదిగే పిల్ల, దాని పెరుగన్నం దాన్ని తిననివ్వు. దాని పళ్లెంలో అన్నం చూసి నువ్వు మొహం పక్కకి తిప్పుకుంటున్నావని స్వాతి చెప్పలేదు, నేనే ఊహించాను.

ఆర్టీసీ కార్గోలో పార్సిల్ వేస్తున్నాం. వేయించిన వేరుశనగలు, పొట్టు పెసలు, ఉలవలు, అవిశె గింజల కారప్పొడి, ఎండబెట్టిన గోంగూర ఉన్నాయి. ఆవకాయ చిన్న డబ్బా పెట్టాను, స్వాతి కోసం. పప్పుతో నంజుకో, కావాలంటే ఒక ముద్ద అన్నంతో తిను. నెయ్యి పెట్టలేదు, వెతక్కు. డబ్బాలు తిరిగి పంపండి, కిందటిసారివి నాలుగు మీ దగ్గరే ఉండిపోయాయి, స్టీలుది ఒకటి మీ నాన్నమ్మ పేరున్నది.

కొత్త రిపోర్టు వస్తే మొత్తం ఫోటో తియ్యి, పేరు, తేదీ ఉన్న పై భాగంతో సహా. గుండ్రాలు చుట్టకు, ఎక్కడ చూడాలో నాకు తెలుసు.

ఇట్లు,
అమ్మ

మీ నాన్న కూడా రెండు మాటలు రాస్తానంటే కాగితం ఇచ్చాను. ఇది ఆయన రాసింది: "చిన్నా, అమ్మ చెప్పినట్టు చెయ్యి. మోటారు రెండు హెచ్‌పీ సరిపోతుందా, మూడు తీసుకోవాలా, కొంచెం ఆన్‌లైన్‌లో చూసి చెప్పు. ఇడ్లీ సంగతి అమ్మకి తెలిసిపోయిందా?"